కంప్యూటర్ పోయింది, బ్యాకప్ ఉంది: ఫైళ్లు తిరిగి తెచ్చుకోవడం ఎలా?

"సిస్టమ్ ఆన్ కావట్లేదండీ. బ్యాకప్ ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది. ఇప్పుడేం చేయాలి?" ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. షాపు లెక్కలు రాసుకునేవాళ్లు, డీటీపీ సెంటర్లు, స్కూలు ఆఫీసులు, ఇంట్లో పిల్లల ఫోటోలు దాచుకున్నవాళ్లు, అందరిదీ ఇదే గొడవ. బ్యాకప్ లేనివాళ్ల సంగతి వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. బ్యాకప్ ఉండి కూడా దాన్ని వెనక్కి తెచ్చే తొందరలో చెడగొట్టుకునేవాళ్లు చాలామంది. వాళ్ల కోసం ఇది.

ఒక్క నియమం మొదటే చెప్తాను, కింద చెప్పే పనులన్నీ దాని మీదే నడుస్తాయి. ఉన్న ఒక్క బ్యాకప్ మీద పని చేయకండి, దాని కాపీ మీద చేయండి. రీస్టోర్ చేసేటప్పుడు పాత ఫైళ్ల మీదకి కాకుండా కొత్త ఖాళీ ఫోల్డర్‌లోకి చేయండి.

కావలసినవి

- పనిచేసే ఇంకో విండోస్ కంప్యూటర్. 10 లేదా 11 అయితే చాలు. అప్పు తెచ్చుకున్నదైనా పర్వాలేదు.
- మీ బ్యాకప్ ఉన్న డిస్క్ లేదా పెన్‌డ్రైవ్.
- ఇంకో ఖాళీ డిస్క్, బ్యాకప్ కంటే పెద్దది. దీని ఖర్చు తప్పించుకోవాలని చూడకండి.
- పాత కంప్యూటర్ డిస్కు బయటికి తీయాల్సి వస్తే దానికి సరిపోయే యూఎస్‌బీ కేసు. ల్యాప్‌టాప్ 2.5 అంగుళాల డిస్కుకి ఒక రకం, చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీకి ఇంకో రకం. ఎం.2లో మళ్లీ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండున్నాయి, కొనేముందు డిస్కు ఫోటో షాపులో చూపించండి. డెస్క్‌టాప్ 3.5 అంగుళాల డిస్కుకైతే విడిగా కరెంటు అడాప్టర్ ఉన్న కేసే కావాలి. యూఎస్‌బీ కరెంటు దానికి చాలదు.
- మైక్రోసాఫ్ట్, గూగుల్ అకౌంట్ల పాస్‌వర్డులు, వాటికి ఓటీపీ వచ్చే ఫోను.

1. పోయింది డిస్కా, ఇంకేదైనానా?

కంప్యూటర్ ఆన్ కాకపోతే డిస్కే పోయిందని చాలామంది అనుకుంటారు. ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె), ర్యామ్, మదర్‌బోర్డ్, డిస్‌ప్లే వీటిలో ఏది పోయినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది, డిస్కు మాత్రం నిక్షేపంగా ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ డిస్కే మీకున్న అన్నిటికంటే తాజా బ్యాకప్. బయటికి తీసి, కేసులో పెట్టి, రెండో కంప్యూటర్‌కి తగిలించండి. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద ఉన్నదంతా ఖాళీ డిస్కులోకి కాపీ చేసుకోండి. పర్మిషన్ లేదని మెసేజ్ వస్తే కంటిన్యూ నొక్కండి.

ఇక్కడ జాగ్రత్తలు ఉన్నాయి.

డిస్కు టక్‌టక్‌మని కొడుతుంటే వెంటనే కరెంటు తీసేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం వల్ల మిగిలింది కూడా పోతుంది.

తగిలించగానే "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ఇనిషియలైజ్" అని అడిగినా అంతే. ఎర్రర్లు సరిచేస్తానని చెక్‌డిస్క్ ముందుకొస్తే దానికీ ఒప్పుకోకండి. అది డిస్కు మీద రాస్తుంది, చావు బతుకుల్లో ఉన్న డిస్కు మీద రాయించకూడదు.

48 అంకెల కీ అడిగితే కంగారు పడొద్దు, అది బిట్‌లాకర్, అంటే డిస్కుకి విండోస్ వేసే తాళం. ఈ మధ్య వచ్చిన విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఇది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. ఫోన్‌లో అదే అకౌంట్‌లోకి వెళ్లి, డివైజుల దగ్గర రికవరీ కీ వెతకండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ మీ ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. కీ దొరక్కపోతే ఆ డిస్కు తెరుచుకోదు, తెరిపిస్తానని డబ్బులు అడిగేవాళ్లను నమ్మకండి.

ఫైళ్ల పేర్లన్నీ మారిపోయి, డబ్బు కట్టమని నోటు కనిపిస్తుంటే అది రాన్సమ్‌వేర్. ఆ కంప్యూటర్‌కి బ్యాకప్ డిస్కును ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకండి. నెట్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపండి, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి. బ్యాకప్‌ను శుభ్రమైన వేరే కంప్యూటర్లోనే తెరవాలి.

2. సర్వీస్ షాపుకి ఇచ్చేముందు

"విండోస్ కొట్టేస్తే సరిపోతుంది సార్" అంటారు. విండోస్ కొట్టడం అంటే చాలాసార్లు సి డ్రైవ్ ఫార్మాట్ చేయడమే. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. కాబట్టి "డేటా కావాలి, నేను చెప్పేదాకా ఫార్మాట్ వద్దు" అని కాగితం మీద రాసి, సిస్టమ్‌కి అంటించి ఇవ్వండి. నోటిమాట కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది, లోపల పనిచేసే కుర్రాడి దాకా పోదు. వీలైతే డిస్కు తీసి మీ దగ్గర పెట్టుకుని మిగతాది ఇవ్వండి, ఇంకా నయం.

ఇప్పటికే కొట్టేశారా? సి డ్రైవ్‌లో "విండోస్.ఓల్డ్" అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఫార్మాట్ చేయకుండా ఎక్కించి ఉంటే పాత యూజర్ ఫోల్డర్ అందులో ఉంటుంది. కొన్నాళ్లకు విండోస్ దాన్ని తనంతట తానే తీసేయొచ్చు, కాబట్టి ఈ రోజే కాపీ చేసుకోండి.

3. బ్యాకప్‌కి కాపీ

బ్యాకప్ డిస్కును తగిలించి, ఉన్నదంతా ఖాళీ డిస్కులోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక అసలు డిస్కును పీకి బీరువాలో పెట్టండి. ఇక పనంతా కాపీ మీదే.

కాపీ మధ్యలో ఆగితే కారణం సాధారణంగా ఈ రెండిట్లో ఒకటి. "ఫైలు చాలా పెద్దది" అని వస్తే, ఖాళీ డిస్కు ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉందన్నమాట, అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఖాళీ డిస్కే కాబట్టి దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి ఫార్మాట్ చేసుకోండి. ఏ డ్రైవ్ అక్షరం మీద నొక్కుతున్నారో రెండుసార్లు చూసుకోండి. "పేరు చాలా పొడవు" అని వస్తే ఫోల్డర్ లోపల ఫోల్డర్ చాలా లోతుకి పోయిందని అర్థం. డ్రైవ్‌లో నేరుగా ఒక్క అక్షరం పేరుతో ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేయండి, చాలావరకు సరిపోతుంది.

కొత్త కంప్యూటర్లో సింక్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే ఇప్పుడే ఆన్ చేయకండి. మిర్రర్ పద్ధతిలో పనిచేసేవి, కొత్త కంప్యూటర్లో ఫోల్డర్ ఖాళీగా ఉంది కదా అని బ్యాకప్‌లోనూ ఖాళీ చేసేస్తాయి.

4. మీ బ్యాకప్ ఏ రకం?

డిస్కు తెరిచి పై ఫోల్డర్ల పేర్లు చూడండి.

*మామూలు ఫోల్డర్లు, ఫైళ్లు కనిపిస్తే* కాపీ, పేస్ట్. అంతకంటే ఏమీ లేదు.

*"ఫైల్ హిస్టరీ" అనే ఫోల్డర్ ఉంటే* అది విండోస్ 8 నుంచి వస్తున్న పద్ధతి. కొత్త కంప్యూటర్లో కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ఫైల్ హిస్టరీకి వెళ్లి, మీ డ్రైవ్‌ను ఎంచుకోండి. పాత బ్యాకప్ వాడతారా అని అక్కడ ఒక టిక్ ఉంటుంది, అది పెట్టి పాత కంప్యూటర్ పేరు ఎంచుకోండి. తర్వాత ఎడమవైపు "రీస్టోర్ పర్సనల్ ఫైల్స్". కింద బాణాలతో తేదీలు వెనక్కీ ముందుకీ జరపొచ్చు. మధ్యలో ఉన్న ఆకుపచ్చ గుండ్రటి బటన్ నొక్కితే ఫైళ్లు పాత స్థానంలోకే పోతాయి. దాన్ని నొక్కకుండా, మౌస్ కుడి బటన్ నొక్కి "రీస్టోర్ టు" ఎంచుకుని, మీ ఖాళీ ఫోల్డర్ చూపించండి.

ఆ స్క్రీన్ మొరాయిస్తే ఇంకో దారి ఉంది. ఫైల్ హిస్టరీ ఫోల్డర్‌లో మీ పేరు, కంప్యూటర్ పేరు, డేటా, సి ఇలా లోపలికి వెళ్తే ఫైళ్లు మామూలుగానే ఉంటాయి, నేరుగా కాపీ చేసుకోవచ్చు. కాకపోతే ప్రతి ఫైలు పేరు చివరా తేదీ, సమయం తగిలించి ఉంటాయి, ఒకే ఫైలుకి చాలా కాపీలు ఉంటాయి. ఆ సమయం మనది కాదు, యూటీసీ అనే అంతర్జాతీయ సమయం. మన టైము రావాలంటే దానికి 5:30 గంటలు కలుపుకోవాలి. అంటే 13:00 అని ఉంటే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. మధ్యాహ్నం దాకా చేసిన పని ఏ కాపీలో ఉందో వెతికేటప్పుడు ఈ లెక్క తప్పితే వేరే కాపీ తీసుకుంటారు.

*కంప్యూటర్ పేరుతో ఫోల్డర్, దానిలో "బ్యాకప్ సెట్" అని తేదీలు ఉంటే* అది విండోస్ 7 కాలపు పద్ధతి, 10లోనూ అదే పేరుతో కంట్రోల్ ప్యానెల్‌లో ఉంటుంది. "బ్యాకప్ అండ్ రీస్టోర్" తెరిచి, "సెలెక్ట్ అనదర్ బ్యాకప్" అన్నచోట మీ కాపీని చూపించండి. అది దారికి రాకపోతే లోపల ఉన్న జిప్ ఫైళ్లను చేత్తో విప్పుకోవచ్చు. తేదీ ప్రకారం పాతవి ముందు, కొత్తవి తర్వాత విప్పి, మీద మీద రాయించండి. వరస తిరగేస్తే పాత కాపీ కొత్తదాని మీద పడుతుంది.

*"విండోస్ ఇమేజ్ బ్యాకప్" ఉంటే* అది మొత్తం డిస్కు బొమ్మ. ఫైళ్లు కావాలంటే మొత్తం ఇమేజ్‌ను రీస్టోర్ చేయాల్సిన పనిలేదు. అలా చేస్తే కొత్త డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, పైగా వేరే మోడల్ కంప్యూటర్ అయితే బూట్ అవుతుందన్న భరోసా లేదు. దాని బదులు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, యాక్షన్ మెనూలో "అటాచ్ వీహెచ్‌డీ" ఎంచుకుని, ఫోల్డర్ లోపల ఉన్న వాటిలో అన్నిటికంటే పెద్ద ఫైలును చూపించండి. "రీడ్ ఓన్లీ" దగ్గర టిక్ పెట్టండి. అది ఇంకో డ్రైవ్‌లా కనిపిస్తుంది, కావలసినవి కాపీ చేసుకుని డిటాచ్ చేయండి.

*వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ అయితే* ముందు యాప్ ఎక్కించకండి, బ్రౌజర్లో లాగిన్ అయి ఫైళ్లున్నాయో లేదో చూడండి. డెస్క్‌టాప్ ఖాళీ అయిందని బాధపడేవాళ్లలో కొందరి ఫైళ్లు వన్‌డ్రైవ్‌లోని డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో ఉంటాయి. పోయినవి ఉంటే ట్రాష్ చూడండి. గూగుల్ డ్రైవ్‌లోనూ, సొంత వన్‌డ్రైవ్ అకౌంట్లోనూ 30 రోజులు ఉంచుతారు.

5. ట్యాలీ డేటా

ట్యాలీ అంటే షాపు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. దీని మీద వచ్చే ప్రశ్నలు అన్నిటికంటే ఎక్కువ, కాబట్టి కాస్త వివరంగా.

ముందు మీ దగ్గర ఉన్నది ట్యాలీ బ్యాకప్ ఫైలా, డేటా ఫోల్డర్ కాపీనా తేల్చుకోండి. రెండూ ఒకటి కావు. ట్యాలీ లోపల బ్యాకప్ కొట్టి ఉంటే అది ఒక ఫైలు, పాత వెర్షన్ ఈఆర్‌పీ 9లో దాని పేరు టీబీకే 900 అని మొదలవుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి డేటా ఫోల్డర్ లాగి పెట్టి ఉంటే అందులో 10000, 10001 లాంటి అంకెల పేర్లతో ఫోల్డర్లు ఉంటాయి. ఒక్కో అంకె ఒక్కో కంపెనీ.

అంకెల ఫోల్డర్ ఉంటే రీస్టోర్ అక్కర్లేదు. కొత్త కంప్యూటర్ డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి, అంకెల ఫోల్డర్లను అందులో పెట్టి, ట్యాలీలో కంపెనీ సెలెక్ట్ చేసేటప్పుడు ఆ దారి చూపించండి. "రీస్టోర్ కొడితే ఏమీ రావట్లేదు" అనేవాళ్లలో సగంమంది ఈ ఫోల్డర్ మీదే రీస్టోర్ కొడుతుంటారు.

బ్యాకప్ ఫైలు అయితే ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై నొక్కి రీస్టోర్. ఈఆర్‌పీ 9లో ఆల్ట్, ఎఫ్3 నొక్కి రీస్టోర్. డెస్టినేషన్ అన్నచోట కొత్త ఖాళీ ఫోల్డర్ ఇవ్వండి. సోర్స్ అన్నచోట బ్యాకప్ ఫైలున్న ఫోల్డర్ ఇవ్వాలి. అసలు ప్రమాదం డెస్టినేషన్ దగ్గరే. అక్కడ అదే నంబరుతో కంపెనీ ఇప్పటికే ఉంటే, పాత బ్యాకప్ దాని మీద కూర్చుంటుంది. పోయిన కంప్యూటర్ వచ్చేదాకా నాలుగు రోజులు కొత్త సిస్టమ్‌లో బిల్లులు కొట్టి, తర్వాత రీస్టోర్ చేసేవాళ్లు ఇక్కడే ఆ నాలుగు రోజుల బిల్లులు పోగొట్టుకుంటారు.

వెర్షన్ సంగతి: కొత్త వెర్షన్లో తీసిన బ్యాకప్‌ను పాత వెర్షన్ తెరవదు. పాతదాన్ని కొత్తది తెరుస్తుంది, మైగ్రేట్ చేయాలా అని అడిగితే కాపీ మీదే చేస్తున్నారు కదా, భయం లేదు. కంపెనీ పేరు బదులు నక్షత్రం గుర్తులు (****) కనిపిస్తే ట్యాలీ వాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి ఉందని అర్థం. అది మర్చిపోతే దారి లేదు. మీ అకౌంటెంట్‌నీ, ఇదివరకు మానేసిన అకౌంటెంట్‌నీ కూడా అడగండి.

కంపెనీ తెరుచుకుని ఎర్రర్లు వస్తుంటే రిపేర్ ఆప్షన్ ఉంది (ఈఆర్‌పీ 9లో రీరైట్). అది చెడిన ఎంట్రీలను తీసేసే అవకాశం ఉంది కాబట్టి ఇంకో కాపీ ఉంచుకోకుండా నొక్కకండి.

6. డీటీపీ ఫైళ్లు తెరిస్తే తెలుగు రావట్లేదా?

పేజీలు కట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైలు తెరవగానే అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు కనిపిస్తే ఫైలు చెడిపోలేదు. డీటీపీలో వాడే "అను" తెలుగు ఫాంట్లు కొత్త కంప్యూటర్లో లేవు, అంతే. ఫైల్ హిస్టరీ లాంటి బ్యాకప్‌లు విండోస్ ఫాంట్ల ఫోల్డర్‌ను పట్టుకోవు. పాత డిస్కు తెరుచుకుంటుంటే దాని విండోస్ ఫోల్డర్లోని ఫాంట్స్ నుంచి తెచ్చుకోండి, లేదా సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించండి. ఫాంట్లు ఎక్కేదాకా ఆ ఫైలును సేవ్ చేయకండి. ఫాంట్ లేదని అడిగినప్పుడు వేరే ఫాంట్‌కి ఒప్పుకుని సేవ్ చేస్తే మళ్లీ పేజీలన్నీ సర్దుకోవాలి.

సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలు ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చిగీతల్లా వస్తే కారణం వేరు. దాన్ని డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్ డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా తెచ్చి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 ఎంచుకోండి.

7. వచ్చాయో లేదో చెక్ చేయడం

"ఫోల్డర్లు కనిపిస్తున్నాయి, అంతా వచ్చేసింది" అని డిస్కు ఫార్మాట్ చేయించేస్తారు. ఫోల్డర్ కనిపించడం వేరు, ఫైలు తెరుచుకోవడం వేరు.

- బ్యాకప్‌లోనూ, కొత్తచోటా ఫోల్డర్ మీద ప్రాపర్టీస్ చూసి ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోల్చండి. "సైజ్" అన్న అంకె చూడాలి, "సైజ్ ఆన్ డిస్క్" అన్నది డిస్కును బట్టి మారుతుంది.
- సైజు ప్రకారం వరస పెట్టి, 0 కేబీ ఫైళ్లున్నాయేమో చూడండి. అవి పేరుకి మాత్రమే ఫైళ్లు.
- ఒకటి రెండు కేబీలుండి, బొమ్మ మూలన చిన్న బాణం ఉన్నవి షార్ట్‌కట్లు. డెస్క్‌టాప్ మొత్తం బ్యాకప్ తీశామనుకుని షార్ట్‌కట్లు మాత్రమే దాచుకున్న ఆఫీసులు తక్కువేం కాదు. అసలు ఫైలు ఎక్కడుందో షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో తెలుస్తుంది.
- పాత డిస్కులోంచి తెచ్చిన వన్‌డ్రైవ్ ఫోల్డర్లో కొన్ని ఫైళ్లు తెరుచుకోకపోతే అవి క్లౌడ్‌లోనే ఉండి, డిస్కులో పేరు మాత్రమే ఉన్నవి కావచ్చు. బ్రౌజర్ నుంచి దించుకోండి.
- అన్నిటికంటే పాతది, కొత్తది, పెద్దది తెరిచి చూడండి. ఫోటోలు పెద్ద ఐకాన్లలో పెట్టి, సగం బూడిదరంగులో ఉన్నవి వెతకండి.
- తేదీ ప్రకారం వరస పెట్టి చివరి తేదీ చూడండి. కంప్యూటర్ పోయింది మొన్నైతే చివరి ఫైలు ఏడాది కిందటిదైతే, బ్యాకప్ అప్పుడే ఆగిపోయిందన్నమాట.

ట్యాలీలో డే బుక్ తెరిచి చివరి వోచర్ తేదీ చూడండి. ట్రయల్ బ్యాలెన్స్‌లో బ్యాంకు నిల్వను ఆ రోజు బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో పోల్చండి. ఇంకో మంచి కొలబద్ద జీఎస్‌టీ పోర్టల్: ఇప్పటికే ఫైల్ చేసిన జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) మొత్తం, అదే నెలకి ట్యాలీ చూపించే మొత్తం సరిపోవాలి.

8. బ్యాకప్ తర్వాత పోయిన రోజులు

బ్యాకప్ పదో తారీఖుది, కంప్యూటర్ పోయింది ఇరవై ఐదున. మధ్యలో రోజులు బ్యాకప్‌లో లేవు, కానీ అవి బయట ఉన్నాయి. కొనుగోళ్లు జీఎస్‌టీఆర్-2బీలో దొరుకుతాయి, ఒక నెలది తర్వాతి నెల 14న వస్తుంది, సప్లయర్లు ఫైల్ చేసినవే అందులో ఉంటాయి. ఈ-వే బిల్లు, ఈ-ఇన్వాయిస్ పోర్టళ్లలో మీరు తీసినవి ఉంటాయి. వసూళ్లు, చెల్లింపులు బ్యాంక్ స్టేట్‌మెంట్, యూపీఐ యాప్ చరిత్ర చూసి రాసుకోవచ్చు. మెయిల్లో, వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ బిల్లులు వెతకండి. నగదు అమ్మకాలకి మాత్రం బిల్లు పుస్తకం కార్బన్ కాపీయే దిక్కు. బిల్లు నంబర్ల వరస చూసుకుంటూ ఎక్కించండి, మధ్యలో నంబరు ఖాళీ ఉంటే అక్కడ ఏదో వదిలేశారని వెంటనే తెలుస్తుంది.

9. ఇదంతా అయ్యాక

కొత్త కంప్యూటర్లో బ్యాకప్ మళ్లీ మొదలుపెట్టండి, కానీ వేరే డిస్కులోకి. బీరువాలో పెట్టిన పాత బ్యాకప్‌ను కనీసం ఒక రిటర్న్ దాఖలు అయ్యేదాకా, లెక్కలు ఆడిటర్ చూసేదాకా ముట్టుకోకండి. ఏదో ఒక ఫైలు రాలేదన్న సంగతి అప్పుడే బయటపడుతుంది.

పాత డిస్కు అసలు తెరుచుకోక, బ్యాకప్‌లో లేని ముఖ్యమైనది దానిలోనే ఉంటే, డేటా రికవరీ చేసే ల్యాబ్‌కి ఇవ్వండి. ఇచ్చేముందు మూడు అడగండి: చూడటానికే డబ్బు తీసుకుంటారా, డేటా రాకపోతే ఎంత కట్టాలి, వచ్చిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు అడుగుతారా. దారిలో ఎవరో ఒకరు డిస్కు విప్పి చూస్తానంటారు, విప్పనివ్వకండి. దుమ్ము పడిన ప్లేటర్ (డిస్కు లోపల తిరిగే పళ్లెం) మీద ల్యాబ్ కూడా పెద్దగా ఏమీ చేయలేదు.